విండోస్, మ్యాక్, లినక్స్: ఆఫీసు కంప్యూటర్లకు ఏది భద్రం?

మీరు అడిగింది ఇది: విజయవాడలో మీకు అకౌంటింగ్ ఆఫీసు ఉంది. ఆరు కంప్యూటర్లు, అన్నిట్లో విండోస్ 10. మైక్రోసాఫ్ట్ దానికి అప్‌డేట్లు ఆపేసింది కాబట్టి ఏదో ఒకటి చేయాలి. విండోస్ బదులు పెట్టుకునే లినక్స్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టం (ఓఎస్) ఉంది, దానికి వైరస్‌లు రావు, అందులోకి మారిపోదాం అంటున్నాడు మీ తమ్ముడు. ఖర్చయినా సరే మ్యాక్‌లు కొందాం అంటున్నారు మీ పార్ట్‌నర్. ఏది ఎక్కువ సెక్యూర్? యాంటీవైరస్ డబ్బులు పెట్టి కొనాలా?

ముందు సూటిగా నా సమాధానం. ట్యాలీ నడిచే కంప్యూటర్లను విండోస్ 11కి మార్చండి. కేవలం బ్రౌజర్ పనికి వాడే కంప్యూటర్ ఏదైనా ఉంటే దాంట్లో లినక్స్ పెట్టుకోవచ్చు. మ్యాక్ మంచిదే, కానీ మీ పనికి దానివల్ల ఒరిగేది తక్కువ. అప్‌డేట్లు లేని విండోస్ 10ని మాత్రం ఇంటర్నెట్‌కి తగిలించి ఉంచకండి. హైదరాబాద్‌లో ఆఫీసుల నెట్‌వర్కులు చూసుకునే పనిలో చాలా ఏళ్లుగా ఉన్నాను, ఈ మూడు రకాల కంప్యూటర్లతోనూ నాకు రోజూ పనే. అప్‌డేట్లు సరిగ్గా అందుతున్నంత కాలం విండోస్, మ్యాక్, లినక్స్‌ల మధ్య తేడా చిన్నది. అప్‌డేట్లు అందే విండోస్‌కీ అందని విండోస్‌కీ మధ్య మాత్రం నక్కకీ నాగలోకానికీ ఉన్నంత తేడా.

2017 మే 12న వానాక్రై అనే రాన్సమ్‌వేర్ (ఫైళ్లకి తాళం వేసి డబ్బు అడిగే ప్రోగ్రాం) ఒక్క రోజులో ప్రపంచమంతా పాకింది. బ్రిటన్ ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఆపరేషన్లు వాయిదా పడ్డాయి. సుమారు 19 వేల అపాయింట్‌మెంట్లు రద్దయి ఉంటాయని ఆ తర్వాత అంచనా వేశారు. మన దగ్గర ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని దాని బారిన పడ్డాయి. అది దూరింది విండోస్‌లో ఫైళ్లు పంచుకోవడానికి ఉండే ఎస్‌ఎంబీ అనే ఏర్పాటులోని లొసుగు గుండా. ఆ లొసుగుకి మైక్రోసాఫ్ట్ మార్చి 14నే ప్యాచ్, అంటే దాన్ని పూడ్చే అప్‌డేట్, ఇచ్చింది. అంటే దాదాపు రెండు నెలల గడువు దొరికింది. ఒకే ఆఫీసులో ఒకే స్విచ్‌కి తగిలించిన రెండు విండోస్ కంప్యూటర్లలో ప్యాచ్ పడినది నిక్షేపంగా నడిచింది, పడని దాంట్లో ఫైళ్లన్నిటికీ తాళం పడింది.

మీ విండోస్ 10 ఇప్పుడు ఆ రెండో కంప్యూటర్ స్థానంలో ఉంది. దానికి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. కానీ ప్రతి నెలా రెండో మంగళవారం విండోస్ 11కి ప్యాచ్‌లు వస్తూనే ఉంటాయి. వాటిని విప్పి చూసి, ఏ లొసుగుని పూడ్చారో కనిపెట్టడమే పనిగా పెట్టుకున్న వాళ్లున్నారు. 10లోనూ 11లోనూ కోడ్ చాలా భాగం ఒకటే కాబట్టి, 11కి వచ్చిన ప్యాచ్‌ని చూస్తే 10ని ఎక్కడ కొట్టాలో తెలిసిపోతుంది. ఇది నెలనెలా పెరిగే ప్రమాదం.

‘ఏ ఓఎస్‌లో ఎన్ని లొసుగులు’ అని ఇంటర్నెట్‌లో పట్టికలు తిరుగుతుంటాయి. వాటిని చూసి నిర్ణయం తీసుకోకండి. లొసుగులకి సీవీఈ అనే నంబర్లు ఇస్తారు. 2024 ఫిబ్రవరిలో లినక్స్ కెర్నల్ (ఓఎస్‌కి గుండెకాయ లాంటి భాగం) బృందం తమ కెర్నల్‌కి ఆ నంబర్లు తామే ఇచ్చుకోవడం మొదలుపెట్టింది. కెర్నల్‌లో ఏ చిన్న తప్పయినా ఎవరికో ఒకరికి ప్రమాదం కావచ్చు, అందుకే దిద్దిన తప్పుల్లో చాలావాటికి నంబర్ ఇచ్చేయాలన్నది వాళ్ల పద్ధతి. దాంతో ఆ ఏడాది లినక్స్ లెక్క ఒక్కసారిగా వేలల్లోకి వెళ్లింది. లినక్స్ రాత్రికి రాత్రి పాడైపోలేదు, లెక్క రాసే తీరు మారిందంతే. మైక్రోసాఫ్ట్, యాపిల్ తమ లోపల దొరికిన తప్పులన్నీ ఇలా బయటపెట్టవు. కొలతలు వేరైనప్పుడు ఆ అంకెలు పోల్చి లాభం లేదు. పైగా మూడింటి జబ్బూ చాలావరకు ఒకటే. మూడూ ఎక్కువగా సీ, సీ ప్లస్ ప్లస్ భాషల్లో రాసినవి. మెమరీని వాడే తీరులో జరిగే పొరపాట్లే తమ లొసుగుల్లో దాదాపు 70 శాతమని మైక్రోసాఫ్ట్ ఇంజినీర్లే 2019లో చెప్పారు. అందుకే ఇప్పుడు అలాంటి పొరపాట్లకి చాలావరకు చోటివ్వని రస్ట్ అనే భాష లినక్స్ కెర్నల్‌లోకీ విండోస్‌లోకీ కొంచెం కొంచెంగా వస్తోంది. ఆండ్రాయిడ్‌లో కొత్త కోడ్‌ని అలాంటి భాషల్లో రాయడం మొదలుపెట్టాక మెమరీ లొసుగుల వాటా 2019లో 76 శాతం ఉన్నది 2024కి 24 శాతానికి దిగిందని గూగుల్ ప్రకటించింది. నాకు ఇది నిజంగా సంతోషం కలిగించిన వార్త.

మరి దేన్ని పోల్చాలి? నేను రెండే చూస్తాను. లొసుగు బయటపడ్డాక ప్యాచ్ మీ కంప్యూటర్‌కి ఎన్ని రోజుల్లో చేరుతుంది? ఒక చెడ్డ ప్రోగ్రాం లోపలికి వచ్చేస్తే అది చెయ్యి ఎంత దూరం చాస్తుంది? రెండోది మీ ఆఫీసులో ఎలా ఉంటుందో చూద్దాం.

ఈ రోజు 20వ తేదీ అనుకోండి, జీఎస్‌టీఆర్-3బీ గడువు రోజు. అందరూ టెన్షన్‌లో ఉన్నారు. మీ దగ్గర పనిచేసే అబ్బాయికి ఒక మెయిల్ వచ్చింది, ‘జీఎస్టీ నోటీస్’ అని జిప్ ఫైలు. లోపల ‘నోటీస్.పీడీఎఫ్.ఈఎక్స్‌ఈ’ ఉంది, అంటే అది పీడీఎఫ్ కాదు, ప్రోగ్రాం. విండోస్ మామూలుగా ఫైలు పేరులో చివరి తోక దాచేస్తుంది, కాబట్టి అతనికి కనిపించేది ‘నోటీస్.పీడీఎఫ్’ మాత్రమే. పైన పీడీఎఫ్ బొమ్మ కూడా అతికించి ఉంటుంది. డబుల్ క్లిక్ చేశాడు. ఇంటర్నెట్ నుంచి వచ్చిన ఫైలని గుర్తుపట్టి విండోస్‌లోని స్మార్ట్‌స్క్రీన్ అనే కాపలా ఏర్పాటు నీలం పెట్టె చూపిస్తుంది: ‘విండోస్ ప్రొటెక్టెడ్ యువర్ పీసీ’. అందులో పైకి కనిపించేది ‘డోంట్ రన్’ బటన్ ఒక్కటే. ‘మోర్ ఇన్ఫో’ నొక్కితే ‘రన్ ఎనీవే’ వస్తుంది. తొందరలో ఉన్న మనిషి అది నొక్కేస్తాడు. అంతే, ప్రోగ్రాం నడవడం మొదలైంది.

అదే మ్యాక్ అయితే దాంట్లో ఉండే గేట్‌కీపర్ అనే కాపలా అడ్డుపడుతుంది. యాపిల్ దగ్గర తనిఖీ కాని యాప్‌ని మ్యాక్ తెరవనివ్వదు. మునుపు రైట్ క్లిక్ చేసి ఓపెన్ అంటే తెరుచుకునేది. 2024లో వచ్చిన సెకోయా అనే మ్యాక్ వెర్షన్ నుంచి ఆ అడ్డదారి మూసేశారు. సెట్టింగ్స్‌లోకి వెళ్లి, ప్రైవసీ అండ్ సెక్యూరిటీలో ‘ఓపెన్ ఎనీవే’ వెతుక్కుని, పాస్‌వర్డ్ కొట్టాలి. ఇంత దూరం వచ్చేసరికి మామూలు మనిషికి అనుమానం వస్తుంది. ఒకవేళ నడిచినా, ఆ యాప్ డాక్యుమెంట్స్, డెస్క్‌టాప్, డౌన్‌లోడ్స్ ఫోల్డర్లు ముట్టుకునే ముందు మ్యాక్ మళ్లీ అడుగుతుంది. డిఫాల్ట్‌గా ఇంత కాపలా ఇవాళ మూడింట్లో మ్యాక్‌కే ఉంది.

లినక్స్‌లో, డౌన్‌లోడ్ అయిన ఫైలుకి నడిచే అనుమతి దానంతట అది రాదు, మనమే ఇవ్వాలి. ఇది మంచి అలవాటు. ప్రోగ్రాంలను పంపిణీదారు (ఆ లినక్స్ రకాన్ని తయారుచేసి ఇచ్చేవాళ్లు) నడిపే రిపాజిటరీ అనే భాండారం నుంచే తెచ్చుకోవడం ఇంకా మంచి అలవాటు. గూగుల్‌లో వెతికి దొరికిన మొదటి లింకు నుంచి ఇన్‌స్టాల్ చేసుకునే గొడవ ఉండదు. కానీ ఆ ఫైలు ఒక్కసారి నడిచిందా, ఉబుంటు అనే లినక్స్ రకం మామూలు డెస్క్‌టాప్‌లో దాన్ని ఆపేది చాలా తక్కువ. ఆ అబ్బాయి హోమ్ ఫోల్డర్ మొత్తం, బ్రౌజర్ ప్రొఫైల్‌తో సహా, చదవగలదు, మార్చగలదు, చెరపగలదు. తెర మీద కిటికీలు చూపించే పాత ఎక్స్11 పద్ధతిలో నడిచే డెస్క్‌టాప్ అయితే పక్క కిటికీలో కొడుతున్న పాస్‌వర్డ్ అక్షరాలు కూడా వినగలదు. దాని స్థానంలో వేలాండ్ అనే కొత్త పద్ధతి వచ్చాక ఆ చివరి దారి మూసుకుంది. అందుకే, మింట్ అనే లినక్స్ రకం నాకు ఇష్టమైనదే అయినా, దాని సినమన్ డెస్క్‌టాప్ డిఫాల్ట్‌గా ఎక్స్11 మీదే నడుస్తుంది కాబట్టి ఆఫీసుకి ఉబుంటు అంటాను.

ఇక్కడే చాలామంది పొరబడతారు. ‘అడ్మిన్ పాస్‌వర్డ్ ఇవ్వకపోతే వైరస్ ఏమీ చేయలేదు కదా’ అంటారు. రాన్సమ్‌వేర్‌కి అడ్మిన్ హక్కు అక్కర్లేదు. ట్యాలీ డేటా తెరిచే హక్కు మీ అబ్బాయికి ఉంది, కాబట్టి అతని పేరు మీద నడిచే ప్రతి ప్రోగ్రాంకీ ఉంది. సిస్టం ఫైళ్లు పోతే గంటలో మళ్లీ ఎక్కించుకుంటారు. పార్టీల లెడ్జర్లు పోతే? అడ్మిన్ హక్కు లేకుండా చేయడం మంచిదే, ఒక కంప్యూటర్‌లో పడిన చెద మిగతా ఐదింటికీ పాకకుండా చాలా అడ్డుకుంటుంది. కానీ మీ డేటాని మాత్రం అదొక్కటే కాపాడదు.

లినక్స్‌కి వైరస్‌లు రావన్న మాటకి వస్తాను. డెస్క్‌టాప్ లినక్స్ వాడేవాళ్లు తక్కువ, కాబట్టి వాళ్ల కోసం దొంగలు అంతగా కష్టపడరు. ఇది నిజమైన లాభమే, కాదనను. కానీ అది ఓఎస్ బలం వల్ల వచ్చింది కాదు, అవసరం పడితే కష్టపడతారు. మన దేశంలోనే ఉదాహరణ ఉంది. కేంద్ర ప్రభుత్వ సంస్థ సీడాక్ తయారుచేసిన బాస్ లినక్స్‌ని కేంద్ర ప్రభుత్వ ఆఫీసుల్లో వాడతారు. ట్రాన్స్‌పరెంట్ ట్రైబ్ అని పరిశోధకులు పేరు పెట్టిన ముఠా 2025లో దాని మీద పడింది. పీడీఎఫ్‌లా కనిపించే ‘.డెస్క్‌టాప్’ షార్ట్‌కట్ ఫైలుని జిప్‌లో పెట్టి మెయిల్ చేశారు. క్లిక్ చేస్తే నిజంగానే ఒక పీడీఎఫ్ తెరుచుకుంటుంది, వెనకాల ఇంకో ప్రోగ్రాం చప్పుడు లేకుండా దిగిపోతుంది. పైన చెప్పిన విండోస్ ఎత్తుగడే, వేషం మారింది.

డెస్క్‌టాప్ వదిలి బయటికి చూస్తే లినక్స్ మీద దాడులు కొల్లలు. 2016లో మిరాయ్ అనే మాల్‌వేర్ లక్షల సీసీ కెమెరాలు, డీవీఆర్‌లు, రూటర్లని పట్టేసింది. వాటిలో నడిచేది లినక్సే. ఫ్యాక్టరీ పాస్‌వర్డ్‌లు ఎవరూ మార్చలేదు, అదే దాని తాళంచెవి. ఆ ఏడాది అక్టోబర్ 21న ఆ సైన్యంతోనే సైట్ల పేర్లకి అడ్రసులు చూపించే డిన్ అనే కంపెనీ మీద పడి అమెరికాలో పెద్ద పెద్ద సైట్లని గంటల కొద్దీ నిలిపేశారు. మీ ఆఫీసు గోడ మీది కెమెరాల డీవీఆర్ పాస్‌వర్డ్ ఎప్పుడైనా మార్చారా? ఇవాళే మార్చండి.

కోడ్ అందరికీ కనిపిస్తుంది కాబట్టి తప్పులు దాగవు అన్నది కూడా సగమే నిజం. లినక్స్‌లో పీకే ఎగ్జెక్ అనే చిన్న ప్రోగ్రాంలోని తప్పు వల్ల మామూలు యూజర్ నేరుగా రూట్ (సర్వాధికారాలున్న యూజర్) అయిపోవచ్చు. అది 2009 నుంచి అక్కడే ఉంది, 2022 జనవరిలో గానీ బయటపడలేదు. పన్నెండేళ్లు అందరి కళ్ల ముందే ఉంది. రెండో వైపు ఎక్స్‌జెడ్ ఉదంతం చూడండి. ఫైళ్లు కుదించే ఈ లైబ్రరీని ఒక్క మనిషి తీరిక వేళల్లో నడిపేవాడు. జియా టాన్ అనే పేరుతో ఒకరు సహాయకుడిగా చేరి, రెండేళ్లకు పైగా ఓపిగ్గా పని చేసి, నమ్మకం సంపాదించి, చివరికి సర్వర్లలోకి దొంగదారి తెరిచే కోడ్ కలిపేశారు. 2024 మార్చిలో ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజినీర్, డేటాబేస్ వేగం కొలుస్తూ, దూరం నుంచి సర్వర్‌లోకి వెళ్లే ఎస్‌ఎస్‌హెచ్ లాగిన్‌కి అర సెకను ఎక్కువ పడుతోందని గమనించాడు. ఆ అర సెకను ఎందుకో వదలకుండా తవ్వి, మార్చి 29న గుట్టు బయటపెట్టాడు. అప్పటికి ఆ కోడ్ డెబియన్, ఫెడోరాల పరీక్ష వెర్షన్లలోకి చేరిపోయింది, మామూలు జనం వాడే వెర్షన్లలోకి ఇంకా రాలేదు. కోడ్ తెరిచి ఉండబట్టే అతను తవ్వగలిగాడు. అలాంటి మనిషి ఆ రోజు అక్కడ ఉండడం మాత్రం మన అదృష్టం. ఆయన పనిచేసేది మైక్రోసాఫ్ట్‌లో అన్నది కూడా చెప్పాలి, ఓఎస్‌ల పేరుతో గొడవపడే వాళ్లు గుర్తుంచుకోవాల్సిన విషయం.

మ్యాక్‌కి మచ్చ లేదనుకోకండి. 2012లో ఫ్లాష్‌బ్యాక్ అనే ట్రోజన్ ఆరు లక్షలకు పైగా మ్యాక్‌లలోకి దూరింది. అది వాడుకున్నది జావా అనే సాఫ్ట్‌వేర్‌లోని లొసుగుని, దాన్ని జావా తయారీదారు ఒరాకిల్ ఫిబ్రవరిలోనే పూడ్చింది. మ్యాక్‌కి జావాని ఇచ్చేది యాపిలే కాబట్టి ఆ ప్యాచ్ యాపిల్ ద్వారా రావాలి, అది ఏప్రిల్ 3న వచ్చింది. దాదాపు ఏడు వారాల ఆ ఖాళీలోనే కొంప మునిగింది. వానాక్రైలో ప్యాచ్ ఉండీ వాడేవాళ్లు వేసుకోలేదు, ఇక్కడ కంపెనీయే ఇవ్వలేదు. ఫలితం ఒక్కటే. 2017 నవంబర్‌లో అయితే హై సియెర్రా అనే మ్యాక్ వెర్షన్‌లో యూజర్ పేరు ‘రూట్’ అని కొట్టి పాస్‌వర్డ్ ఖాళీగా వదిలేసి ఎంటర్ నొక్కితే లోపలికి పంపించేది! బయటపడిన మర్నాడే దిద్దారు. ఇప్పుడు మ్యాక్ దొంగలు గేట్‌కీపర్‌తో తలపడడం మానేశారు. ‘ఈ సమస్య పోవాలంటే టెర్మినల్‌లో ఇది పేస్ట్ చేయండి’ అని (కమాండ్లు టైప్ చేసే కిటికీ అది) వాడేవాళ్ల చేతే తలుపు తీయిస్తున్నారు. ఈ ఎత్తు విండోస్ మీద కూడా జోరుగా నడుస్తోంది.

మ్యాక్ కట్టుబాటు బాగా పనికొచ్చిన సందర్భం ఒకటి చెబుతాను. 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే సెక్యూరిటీ సాఫ్ట్‌వేర్‌కి తప్పుడు అప్‌డేట్ వచ్చి 85 లక్షల విండోస్ కంప్యూటర్లు నీలం తెర వేసుకుని కూర్చున్నాయి. శంషాబాద్‌లో చేత్తో రాసిన బోర్డింగ్ పాస్ ఫొటో మీరూ చూసే ఉంటారు. ఆ సాఫ్ట్‌వేర్ మ్యాక్‌లలో కూడా ఉంది, వాటికి ఏమీ కాలేదు. ఆ అప్‌డేట్ విండోస్‌కి మాత్రమే వెళ్లడం ఒక కారణం. సెక్యూరిటీ సాఫ్ట్‌వేర్‌ని కెర్నల్ బయటికి నెట్టే పని యాపిల్ 2019 నుంచే మొదలుపెట్టడం అంతకంటే పెద్ద విషయం. ఇప్పుడు మైక్రోసాఫ్ట్ అదే దారి పట్టింది.

ఇక మీ ఆఫీసు. ట్యాలీ ప్రైమ్ విండోస్‌కే తయారైంది. మ్యాక్ కొని అందులో ప్యారలల్స్ అనే సాఫ్ట్‌వేర్‌తో విండోస్ పెట్టుకుంటే మళ్లీ కాపలా కాయాల్సింది విండోస్‌కే. లినక్స్‌లో విండోస్ ప్రోగ్రాంలని నడిపే వైన్ అనే సాఫ్ట్‌వేర్‌తో ట్యాలీ నడిపే వాళ్లున్నారు, గడువు రోజున అది మొరాయిస్తే అడగడానికి ఎవరూ ఉండరు. డిజిటల్ సిగ్నేచర్ టోకెన్ల తంటా వేరే. కాబట్టి ఆరింట్లో పీసీ హెల్త్ చెక్ అనే మైక్రోసాఫ్ట్ యాప్ నడిపి ఏవి విండోస్ 11కి అర్హమో చూడండి. ఇంటెల్ అయితే ఎనిమిదో తరం, ఆ తర్వాతివి కావాలి, టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు కావాలి. టీపీఎం లేదని చూపిస్తే కంగారుపడి కొత్తది కొనకండి. చాలాసార్లు అది బయోస్‌లో (కంప్యూటర్ ఆన్ చేయగానే తెరవగలిగే మూల సెట్టింగ్స్) ఆఫ్‌లో ఉంటుంది, ఇంటెల్ బోర్డుల్లో పీటీటీ అనే పేరుతో దొరుకుతుంది, ఆన్ చేస్తే సరిపోతుంది. అర్హత లేని వాటికి ఈఎస్‌యూ అనే పొడిగింపు అప్‌డేట్లు తీసుకోవచ్చు. సొంతానికి వాడే కంప్యూటర్లకి అవి 2026 అక్టోబర్ 13 వరకే, వ్యాపార సంస్థలకి డబ్బు కడితే ఏడాదికేడాది చొప్పున మూడేళ్ల వరకు. ఆ రేటు ఏటా రెట్టింపవుతుంది కాబట్టి దాన్ని ఊపిరి తీసుకునే సమయంగానే చూడండి. పెన్‌డ్రైవ్‌తో వచ్చి యాక్టివేటర్‌తో లైసెన్స్ లేని విండోస్ ఎక్కించే మనిషిని మాత్రం పిలవకండి. ఆ యాక్టివేటర్ నడవాలంటే యాంటీవైరస్ ఆఫ్ చేయమంటారు, అక్కడితోనే మీ భద్రత వాళ్ల చేతిలోకి వెళ్లిపోయినట్టు.

అందరికీ స్టాండర్డ్ అకౌంట్లు ఇచ్చి, అడ్మిన్ పాస్‌వర్డ్ మీ దగ్గరే ఉంచుకోండి. ఫైళ్ల తోకలు కనిపించేలా ఎక్స్‌ప్లోరర్‌లో ‘ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్’ టిక్ పెట్టండి. ఇంటి నుంచి ట్యాలీ చూసుకోవడానికి ఎవరైనా రూటర్‌లో 3389 పోర్ట్ (విండోస్ రిమోట్ డెస్క్‌టాప్ వాడే దారి) తెరిచి పెట్టారేమో చూడండి. అకౌంటింగ్ ఆఫీసుల్లో నాకు తరచూ కనిపించేది ఇదే, రాన్సమ్‌వేర్ ముఠాలు రాత్రింబవళ్లు వెతికేదీ దాన్నే. ఉంటే ఈ సాయంత్రమే మూసేయండి, దూరం నుంచి పని కావాలంటే వీపీఎన్ పెట్టించండి. మీ స్టాఫ్ ఫోన్లకి ఓటీపీలు వస్తాయి కాబట్టి, ట్రాఫిక్ చలాన్, పీఎం కిసాన్ పేర్లతో వాట్సాప్‌లో వచ్చే ఏపీకే ఫైళ్లు ఇన్‌స్టాల్ చేయొద్దని చెప్పండి. ఆండ్రాయిడ్ ప్రతి యాప్‌నీ వేరే గదిలో పెట్టి కట్టడి చేస్తుంది, కానీ ఎస్సెమ్మెస్‌లు చదివే అనుమతి మనమే ఇచ్చేస్తే అదేం చేయగలదు? డబ్బు పోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి.

యాంటీవైరస్ కొనక్కర్లేదు. విండోస్‌తో వచ్చే డిఫెండర్ ఇవాళ బాగానే పనిచేస్తోంది. దాంట్లోనే ‘కంట్రోల్డ్ ఫోల్డర్ యాక్సెస్’ అని ఒక ఏర్పాటు ఉంది, డిఫాల్ట్‌గా ఆఫ్‌లో ఉంటుంది. విండోస్ సెక్యూరిటీలో రాన్సమ్‌వేర్ ప్రొటెక్షన్ కింద దాన్ని ఆన్ చేసి, ట్యాలీ డేటా ఫోల్డర్‌ని కాపలా జాబితాలో చేర్చి, ట్యాలీ ప్రోగ్రాంకి అనుమతి ఇవ్వండి. ఇక పేరూ ఊరూ లేని ప్రోగ్రాంలు ఆ ఫోల్డర్‌లో రాయలేవు. మ్యాక్‌లో మెచ్చుకున్న గుణం కొంతవరకు మీ విండోస్‌కి కూడా వస్తుంది. వేరే యాంటీవైరస్ వేస్తే డిఫెండర్ పక్కకి తప్పుకుంటుంది, దాంతో ఈ కాపలా కూడా పోతుంది.

యాంటీవైరస్‌కి అనుకున్న డబ్బుతో రెండు ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్క్‌లు కొనండి. వారం మార్చి వారం ఒక్కోదాంట్లో ట్యాలీ డేటా, క్లయింట్ల ఫోల్డర్లు కాపీ చేసి, పని కాగానే వైరు తీసేయండి. తగిలించి వదిలేసిన డిస్క్‌ని కూడా రాన్సమ్‌వేర్ తాళం వేసేస్తుంది. ఒక డిస్క్ మీ ఇంట్లో ఉండాలి. మొదటి కాపీ అయ్యాక దాన్ని ఇంకో కంప్యూటర్‌కి తగిలించి, ఒక పెద్ద క్లయింట్ కంపెనీ డేటాని ట్యాలీలో రీస్టోర్ చేసి, ట్రయల్ బ్యాలెన్స్ సరిపోతుందో లేదో చూడండి. సరిపోకపోతే విండోస్ 11 పని మొదలుపెట్టే ముందే దాన్ని సరిచేసుకోవాలి.